తప్పు జవాబు వెనుక ఏముంది?

మీ ఇంట్లో నాలుగైదేళ్ల చెల్లెలు ఉంటే ఈ చిన్న ప్రయోగం చేసి చూడండి. ఒకేలా ఉన్న రెండు గ్లాసుల్లో నీళ్లు సమానంగా పోయండి. రెండూ సమానమేనని చెల్లెలు ఒప్పుకున్నాక, ఆమె చూస్తుండగానే ఒక గ్లాసులోని నీళ్లను సన్నగా, పొడవుగా ఉండే మరో గ్లాసులోకి వంచండి. "ఇప్పుడు ఎందులో ఎక్కువున్నాయి?" అని అడగండి. ఆ వయసు పిల్లల్లో చాలామంది పొడవు గ్లాసునే చూపిస్తారు.

మీకు నవ్వు రావచ్చు. కాని ఇలాంటి తప్పు జవాబులే ఒక శాస్త్రానికి దారి చూపాయి.

1905లో ఫ్రాన్సులో ఆల్‌ఫ్రెడ్ బినే, థియోడోర్ సిమోన్ అనే ఇద్దరు, చదువులో ప్రత్యేక సహాయం అవసరమైన పిల్లలను గుర్తించడానికి ఒక పరీక్షను తయారుచేశారు. నేటి ప్రజ్ఞా పరీక్షలకు అదే నాంది. అందులో ఒప్పు జవాబులకే లెక్క. 1919లో పారిస్ చేరిన జీన్ పియాజే అనే స్విస్ యువకునికి సిమోన్ అలాంటి పనే అప్పగించాడు. ఇంగ్లండులో తయారైన తర్క పరీక్షలను పారిస్ పిల్లలకు తగినట్లు మలచాలి. పియాజే నత్తజాతి జీవులపై పరిశోధన చేసి డాక్టరేటు పొందినవాడు. దేన్నయినా ఓపికగా గమనించడం అతనికి అలవాటు. ఒకే వయసు పిల్లలు ఒకే తరహా తప్పులు చేస్తున్నారని అతడు కనిపెట్టాడు. తప్పులు లెక్కపెట్టడం కన్నా "ఎందుకలా అనుకున్నావు?" అని అడగడం అతనికి ముఖ్యమైంది.

పసివాడు తక్కువ తెలిసిన పెద్దవాడు కాడు, అతని ఆలోచన తీరే వేరు అన్నది పియాజే తేల్చిన విషయం. మీ చెల్లెలు నీటి ఎత్తునే చూసింది, వెడల్పును చూడలేదు. నీళ్లను తిరిగి మొదటి గ్లాసులో పోస్తే ఏమవుతుందో మనసులో ఊహించలేదు. సుమారు ఏడేళ్లు వచ్చేసరికి ఊహించగలుగుతుంది. ఇంద్రియ చాలక, పూర్వ ప్రచాలక, మూర్త ప్రచాలక, అమూర్త ప్రచాలక అంటూ పియాజే ఈ ఎదుగుదలను నాలుగు దశలుగా విభజించాడు.

పియాజే పుట్టిన 1896లోనే రష్యన్ సామ్రాజ్యంలో లెవ్ వైగోత్స్కీ పుట్టాడు. పిల్లవాడు ఒంటరిగా ఎదగడనీ, మాట ద్వారా, పెద్దల తోడ్పాటు ద్వారా అతని ఆలోచన ఎదుగుతుందనీ ఆయన వాదించాడు. పరీక్షలో ఇద్దరు పిల్లలూ ఎనిమిదేళ్ల స్థాయిలోనే ఉన్నారనుకోండి. కొద్దిగా సాయం చేస్తే ఒకడు పన్నెండేళ్లవారి లెక్కలు, మరొకడు తొమ్మిదేళ్లవారి లెక్కలే చేయగలిగాడు. మరి ఇద్దరూ సమానమేనా? ఒంటరిగా చేయగలిగినదానికీ, సాయంతో చేయగలిగినదానికీ మధ్య ఉన్న ఈ దూరమే 'సామీప్య వికాస మండలం'. వైగోత్స్కీ 1934లో 37 ఏళ్లకే క్షయతో మరణించాడు. ఆ తర్వాత సోవియట్ ప్రభుత్వం ఆయన రచనలను దాదాపు ఇరవై ఏళ్లు తొక్కిపెట్టింది. ఆయన ప్రధాన గ్రంథం ఇంగ్లీషులో వచ్చింది 1962లోనే.

పియాజేకు కూడా పరీక్ష తప్పలేదు. సమాన సంఖ్యలో బిళ్లలున్న రెండు వరుసల్లో ఒకదాన్ని పెద్దలు కదిపి, అదే ప్రశ్న మళ్లీ అడిగితే "నా మొదటి జవాబు తప్పేమో" అని పిల్లలు అనుకోరా? 1974లో మెక్‌గారిగల్, మార్గరెట్ డొనాల్డ్‌సన్ ఈ సందేహంతోనే, అల్లరి ఎలుగుబంటి బొమ్మ వచ్చి వరుసను చెదరగొట్టినట్లు నటింపజేశారు. ఈసారి నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లల్లో చాలా ఎక్కువమంది "సమానమే" అన్నారు. అంటే తప్పులో కొంత వాటా ప్రశ్న అడిగిన తీరుదే! పియాజే చెప్పిన వయసులు అంత కచ్చితం కావని ఇలాంటి ప్రయోగాలు చూపాయి. అయితే పిల్లల ఆలోచనను వాళ్ల వైపు నుంచి చూడాలన్న ఆయన పద్ధతి మాత్రం నిలిచింది. పిల్లలు తమ జ్ఞానాన్ని తామే నిర్మించుకుంటారని మన జాతీయ విద్యా ప్రణాళికా చట్రం కూడా 2005లో అంగీకరించింది.

తప్పు చెప్పిన పిల్లవాడికి 'మొద్దు' అని పేరు పెట్టడం తేలిక. ఆ పేరు అతణ్ణి ఏళ్ల తరబడి వెంటాడవచ్చు. అందుకే మీ చెల్లెలు పొడవు గ్లాసును చూపిస్తే "తప్పు" అనకండి. "ఎందుకలా అనుకున్నావమ్మా?" అని అడగండి. ఆమె చెప్పేది శ్రద్ధగా వినండి. మీ నోటుబుక్కులో ఎర్రసిరా గుర్తు పడినప్పుడు మిమ్మల్ని మీరు కూడా అదే ప్రశ్న వేసుకుని చూడండి.