యవనులు

ప్రాచీన భారత వాఙ్మయంలోనూ శాసనాల్లోనూ మొదట గ్రీకులకు, తర్వాత పడమటి దిక్కు నుంచి వచ్చిన పలు జాతులకు వాడిన పేరు. ఇది ఈ నేలపై పుట్టింది కాదు. నేటి తుర్కియే పశ్చిమ తీరంలో స్థిరపడిన గ్రీకు శాఖ అయోనియన్లు. వారిని ఏలిన పారసీక చక్రవర్తులు తమ శాసనాల్లో గ్రీకులను ‘యౌన’ అన్నారు. సంస్కృతంలోని ‘యవన’, ప్రాకృతంలోని ‘యోన’ దానికి బంధువులే. పాణిని సూత్రాల్లో యవన శబ్దం ఉంది. దాని నుంచి ఏర్పడే ‘యవనాని’కి యవనుల లిపి అని కాత్యాయనుడు అర్థం చెప్పాడు.

అశోకుడి 13వ శిలాశాసనంలో యోనరాజు అంటే సిరియాను ఏలిన ఆంటియోకస్. అక్కడ సందేహానికి తావు లేదు. క్రీ.పూ. 2వ శతాబ్ది చివర, తక్షశిల రాజు ఆంటియాల్కిడస్ పంపిన దూత హెలియోడోరస్ విదిశ దగ్గరి బేస్‌నగర్‌లో వాసుదేవుడికి గరుడస్తంభం ఎత్తించాడు. ఆ శాసనం అతణ్ణి యోనదూత అంటూనే భాగవతుడని కూడా అంటుంది. అంటే ఆనాటికి ఈ పేరు జాతిని చెప్పేదే గానీ మతాన్ని కాదు. ఈ సంగతి గుర్తుంచుకోకపోతే తర్వాతి కాలపు అర్థాన్ని పాత శాసనాలకు అంటగట్టే ప్రమాదం ఉంది.

అర్థం ఎప్పుడు సడలిందో తెలిపే గట్టి సాక్ష్యం క్రీ.శ. 150 నాటి రుద్రదాముడి జునాగఢ్ శాసనం. అశోకుడి తరఫున సుదర్శన తటాకానికి కాలువలు కట్టించిన అధికారిని అది ‘యవనరాజు తుషాస్ఫుడు’ అంటుంది. ఆ పేరు మాత్రం పారసీకం!

శాతవాహనుల నాటి దక్కనులో ఈ పేరుకు రెండు ముఖాలు కనిపిస్తాయి. గౌతమీపుత్ర శాతకర్ణి శక, యవన, పహ్లవులను నిర్మూలించాడని తల్లి గౌతమీ బాలశ్రీ వేయించిన నాసిక్ శాసనం కీర్తిస్తుంది. కార్లే బౌద్ధగుహలోనేమో ధేనుకాకట యవనులు స్తంభాలు దానం చేశారు. వారిలో కొందరి పేర్లు అచ్చంగా ఇక్కడివే. తమిళ సంగమ కవులు మిరియాల కోసం బంగారంతో వచ్చే యవనుల ఓడలను వర్ణించారు. అవి రోమన్ సామ్రాజ్యపు వర్తకుల ఓడలు. 6వ శతాబ్దిలో వరాహమిహిరుడు యవనులు మ్లేచ్ఛులైనా జ్యోతిష పాండిత్యం వల్ల ఋషుల్లా పూజలందుకుంటారన్నాడు.

మధ్యయుగంలో ఈ పేరు తురుష్కులకు, ముస్లిం పాలకులకు బదిలీ అయింది. అప్పుడు కూడా అది ఎల్లవేళలా నిందావాచకం కాదు. శ్రీకృష్ణదేవరాయలు గర్వంగా ధరించిన బిరుదుల్లో ‘యవనరాజ్య స్థాపనాచార్య’ ఒకటి. అందులోని యవనరాజ్యం బహమనీ సుల్తానులది.