జీరో విడ్త్ నాన్‌జాయినర్

జీరో విడ్త్ నాన్‌జాయినర్ అనునది తెరపై కనిపించని ఒక యూనికోడ్ సంకేతం. దీనికి వెడల్పు లేదు, ముద్రణలో రూపమూ లేదు. పక్కపక్కనున్న రెండు అక్షరాలు కలిసిపోకుండా నిలపడమే దీని పని. తెలుగులో పొల్లు తరువాత వచ్చే హల్లు వత్తుగా మారకుండా ఆపడానికి దీనిని వాడతారు. సాఫ్ట్‌వేర్, హుజూర్‌నగర్ వంటి పదాలను సరిగా చూపడానికి ఇది అవసరం.

సంకేత వివరాలు

యూనికోడ్‌లో దీని సంఖ్య యూ+200సి. దశాంశ పద్ధతిలో 8204. 1993 నాటి యూనికోడ్ 1.1లోనే ఇది ఉన్నది. తెలుగు లిపికి కేటాయించిన 0సి00 - 0సి7ఎఫ్ విభాగంలో కాక, అన్ని లిపులకు ఉమ్మడియైన విరామ చిహ్నాల విభాగంలో దీనిని చేర్చారు. యూటీఎఫ్-8లో ఇది 3 బైట్ల స్థలం తీసుకుంటుంది. దీని పక్కనే ఉన్న యూ+200డి (జీరో విడ్త్ జాయినర్) ఇందుకు విరుద్ధంగా అక్షరాలను కలిపేందుకు ఉద్దేశించినది. తెలుగుతో పాటు హిందీ, కన్నడ, పారశీకం వంటి భాషల రాతలోనూ నాన్‌జాయినర్ వాడుకలో ఉన్నది.

పనిచేసే విధానం

యూనికోడ్‌లో తెలుగు వత్తులకు వేరే సంఖ్యలు లేవు. హల్లు, పొల్లు (యూ+0సి4డి), మరొక హల్లు వరుసగా వచ్చినపుడు రెండవ హల్లును ఫాంటు వత్తుగా చూపుతుంది. తెలుగు పదాలకు ఈ ఏర్పాటు చక్కగా సరిపోతుంది. అన్యభాషా పదాలలోను, రెండు పదాలు కలిసిన ఊరి పేర్లలోను చిక్కు ఎదురవుతుంది. అటువంటి చోట పొల్లు తరువాత నాన్‌జాయినర్‌ను ఉంచితే పొల్లు పొల్లుగానే నిలుస్తుంది.

ఉదాహరణ

సూర్యాపేట జిల్లాలోని మేళ్లచెరువు మండలం హుజూర్‌నగర్ శాసనసభ నియోజకవర్గంలో ఉన్నది. ఈ రెండు పేర్లలో తేడాను స్పష్టంగా గమనించవచ్చు.

మేళ్లచెరువు: ఇందులో ళకారానికి లవత్తు కావలసినదే. నాన్‌జాయినర్ చేరితే పేరు "మేళ్‌లచెరువు"గా విడిపోతుంది.

హుజూర్‌నగర్: ఇందులో నాన్‌జాయినర్ లేకపోతే నకారం వత్తుగా మారి "హుజూర్నగర్" అవుతుంది. చివరి పొల్లు తరువాత హల్లు లేదు కనుక అక్కడ అవసరం లేదు. "లో" ప్రత్యయం చేరితే మాత్రం "హుజూర్‌నగర్‌లో" అని రెండు చోట్లా పెట్టాలి.

టైపు చేయడం

ఆర్‌టీఎస్ పద్ధతిని అనుసరించే లేఖిని వంటి ఉపకరణాలలో పొల్లు తరువాత ^ గుర్తును టైపు చేస్తే నాన్‌జాయినర్ వస్తుంది.

వెతుకులాటలో చిక్కులు

ఈ సంకేతం కంటికి కనిపించకపోయినా కంప్యూటరు దృష్టిలో ఒక అక్షరంతో సమానం. హుజూర్‌నగర్ అనే పేరులో దీనితో కలిపి 11 సంకేతాలు, ఇది లేకపోతే 10 సంకేతాలు ఉంటాయి. ఖాళీతో "హుజూర్ నగర్" అని రాస్తే అది మూడవ రూపం. సంకేతాలను యథాతథంగా పోల్చే ప్రోగ్రాము ఈ మూడింటినీ మూడు వేర్వేరు పేర్లుగా భావిస్తుంది. అందువలన ఒక జాబితాలో ఊరి పేరు ఉండి కూడా వెతికినపుడు దొరకకపోవచ్చు. పదాంతంలో అనవసరంగా పెట్టిన నాన్‌జాయినర్ మరింత ఇబ్బంది కలిగిస్తుంది. చూపులో ఏ తేడా లేకుండానే రెండు పేర్లు సరిపోలవు.

అక్షర క్రమానికి యూనికోడ్ రూపొందించిన నియమావళి సాధారణంగా ఈ సంకేతాన్ని లెక్కలోనికి తీసుకోదు. కావున వెతికే ముందు దీనిని పక్కనపెట్టి పోల్చడం సరియైన పద్ధతి. మూల పాఠం నుండే తొలగిస్తే మాత్రం పేరు రూపమే చెడిపోతుంది. మేళ్లచెరువు, మేళ్ళచెరువు అనే రూపాల తేడా ఇటువంటిది కాదు. అక్కడ మారినది అక్షరమే కనుక దారిమార్పు పేజీ అవసరమవుతుంది.

డొమైన్ పేర్లలో

2003 నాటి అంతర్జాతీయ డొమైన్ పేర్ల నియమాలు ఈ సంకేతాన్ని తొలగించేవి. 2010లో వెలువడిన నియమాలు పొల్లు తరువాత దీని వాడుకను అనుమతించాయి.