పాట ఊళ్ళు దాటింది, పేరు దాటలేదు (మెట్ట ప్రాంతం పాటలు – 4వ భాగం)



ఈమధ్య జగ్గయ్యపేట, నందిగామ వైపు కుర్రాళ్ళు నన్ను ఒకటే అడుగుతున్నారు. "అన్నా, పాట రాశాం, ఫోన్లో రికార్డు చేశాం. వెనక కంపెనీ లేదు, సినిమావాళ్ళు తెలీదు. జనంలోకి ఎట్టా తీసుకెళ్ళాలి?" వాళ్ళకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా. మన పాట జనంలోకి వెళ్ళడం ఎప్పుడూ ఆగలేదు. ఆగిపోయింది రాసినోడి పేరు.

పేరు సంగతి మన ఊరితోనే మొదలుపెడదాం. జగ్గయ్యపేట పాత పేరు బేతవోలు. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు పెట్టాడు. రెండొందల ఏళ్ళు దాటినా ఆ పేరు బస్సు బోర్డు మీద ఉంది. మరి ఈ ఊళ్ళల్లో చావుకీ జాతరకీ చాటింపుకీ డప్పు కొట్టిన మాదిగల పేర్లు ఏ శాసనంలో ఉన్నాయి? డప్పు లేకుండా ఊరికి పని జరగలేదు. అయినా దాన్ని కళ అనలేదు, వెట్టి అన్నారు. వెట్టికి సంతకం ఉండదు.

అచ్చు వచ్చాక కూడా అంతే. తెల్లదొరతనం వద్దని గరిమెళ్ళ సత్యనారాయణ పాడాడు, జైలుకెళ్ళాడు, చరిత్రలో నిలిచాడు. నిలవాల్సిందే. అదే కాలంలో, 1921లో, నల్లదొరతనం కూడా మాకొద్దని రాజమండ్రి నుంచి కుసుమ ధర్మన్న పాట కట్టాడు. ఆయన పేరు గట్టిగా వినపడ్డానికి దళిత సాహిత్యం తలెత్తేదాకా ఆగాల్సొచ్చింది.

సినిమా సంగతి ఇంకో రకం. 'మా భూమి' సినిమాలో గద్దర్ పాడిన 'బండెనక బండి కట్టి' తెలియనోళ్ళు ఉండరు. అది తెలంగాణ సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన పాట. పాట తెలిసిన పదిమందిని అడగండి, యాదగిరి పేరు ఎంతమంది చెబుతారో చూడండి.

ఇప్పుడు మన దగ్గరికే వద్దాం. నందిగామ దాటి బెజవాడ రోడ్డు పడితే కంచికచర్ల వస్తుంది. 1968లో దొంగతనం అంటగట్టి కోటేశును సజీవంగా తగలబెట్టిన ఊరు. కలేకూరి ప్రసాద్ పుట్టిన ఊరూ అదే. కోటేశు పేరును తన కవిత్వంలో బతికించినవాడు కలేకూరి. కట్నం చావుల మీద ఆయన రాసిన 'కర్మభూమిలో పూసిన ఓ పువ్వా' ముందు సభల్లో, ఊరేగింపుల్లో తిరిగింది. తర్వాత 'శ్రీరాములయ్య' సినిమాలోకి వెళ్ళింది. ఆడపిల్లల కాలేజీల్లో ఆ పాట పాడి ఏడ్చినోళ్ళని నేను చూశాను. రాసిందెవరో తెలుసా అంటే, సినిమా పేరు చెప్పారు. 2013లో కలేకూరి చనిపోయాడు.

ఇందులో మన వైపు కారణం కూడా ఒకటుంది. ఉద్యమంలో కలం పేరు ప్రాణానికి రక్ష. కలేకూరి కూడా 'యువక' పేరుతో రాశాడు. "పాట నాది కాదు, ప్రజలది" అనడం ఒక విలువ. నేను దాన్ని తక్కువ చేయను. కానీ ఆ పాట తీసుకుని అమ్ముకునేవాడు తన పేరు దాచుకోడు కదా! మనం వదిలేసిన చోట ఎప్పుడూ ఇంకొకరి పేరు కూర్చుంటుంది.

ఇప్పుడు యూట్యూబ్ వచ్చింది, అందరూ సమానమే అంటున్నారు. ప్రకటనల డబ్బులో వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ కావాలి. లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కి కోటి వ్యూస్ రావాలి. కూలికి పోయి వచ్చి రాత్రి పాడేవాడికి అది ఎప్పటికి అవుద్ది? అందుకే ఉన్న ఛానల్‌కి పాట ఇచ్చేస్తాడు. నాకు తెలిసిన ఒక తమ్ముడు అట్టాగే ఇచ్చాడు. పాట లక్షల మంది విన్నారు. కింద ఛానల్ పేరుంది, ఎడిటర్ పేరుంది, రాసినోడి పేరు లేదు.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ప్రచారం అంటే ముందు ఇది చేయండి. పాటని మొదట మీ సొంత ఛానల్లోనే పెట్టండి, ఎంత చిన్నదైనా సరే. పాట రాసింది, బాణీ కట్టింది, పాడింది, డప్పు కొట్టింది ఎవరో వీడియోలోనే వేయండి. డిస్ట్రిబ్యూటర్ ద్వారా పెడితే రికార్డింగుకి ఐఎస్ఆర్‌సీ నంబరు వస్తుంది, రాసి దాచుకోండి. నోటిమాట మీద ఎవరికీ పాట ఇవ్వొద్దు. 1957 కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం, హక్కులు అమ్ముకున్నా "ఇది నేను రాశాను" అని చెప్పుకునే హక్కు మీదే. 2012 సవరణతో రాయల్టీలో రచయితకీ, బాణీ కట్టినవాడికీ వాటా వచ్చింది. దాన్ని నిర్మాతకి వదిలేస్తున్నానని రాయించుకున్న కాగితం చెల్లదు. రచయిత చనిపోయాక 60 ఏళ్ళ దాకా హక్కు ఉంటుంది. అంటే కలేకూరి పాటల మీద 2073 దాకా.

చట్టం మన వాడల్లోకి నడిచి రాదు, మనమే తెచ్చుకోవాలి. ఈసారి అంబేద్కర్ జయంతికి స్టేజీ ఎక్కినప్పుడు, గొంతు ఎత్తే ముందు రాసినవాళ్ళ పేరు, ఊరి పేరు మైకులో చెప్పండి. దానికి సబ్‌స్క్రైబర్లు అక్కర్లేదు.

జై భీమ్.

(వచ్చే భాగంలో: క్యాసెట్ల కాలం.)