కళ్లు చూసి తాగాడని చెప్పొచ్చా?



రోడ్డు మీద బండి ఆపి, మన ముఖం చూసి "ఏంరా, ఇప్పసారా కొట్టొచ్చావా?" అనడం మనలో చాలామందికి అనుభవమే. చూపుతోనే తీర్పు చెప్పేస్తారు. మరి కళ్లు చూసి నిజంగా కనిపెట్టొచ్చా? అమెరికాలో దీన్నొక పరీక్షగానే తయారుచేశారు. ఆ చరిత్ర మనకూ పనికొస్తుంది.

మద్యం ఎక్కినప్పుడు కనుగుడ్లు పక్కకు తిప్పితే అదురుతాయి. దీన్ని నిస్టాగ్మస్ అంటారు. కావాలన్నా ఆపుకోలేం. పోలీసు పెన్ను లాంటిది ముఖానికి 12-15 అంగుళాల దూరంలో పట్టి మెల్లగా అటూ ఇటూ జరుపుతాడు. మనం తల కదపకుండా దాన్ని చూడాలి. ఒక్కో కంటిలో మూడు గుర్తులు చూస్తారు: చూపు సాఫీగా సాగకపోవడం, చివరిదాకా తిప్పి నిలిపితే అదరడం, 45 డిగ్రీలకు ముందే అదురు మొదలవడం. మొత్తం ఆరులో నాలుగు కనబడితే అనుమానం గట్టిపడినట్టే.

అంతకుముందు అక్కడ ఎవరికి తోచిన పరీక్ష వాళ్లు పెట్టేవాళ్లు. అందుకే 1975లో కేంద్ర రోడ్డు భద్రతా సంస్థ పరిశోధన చేయించింది. మార్సెలిన్ బర్న్స్, హెర్బర్ట్ మాస్కోవిట్జ్ 1977లో నివేదిక ఇచ్చారు. కంటి పరీక్ష, గీత మీద నడక, ఒంటికాలి మీద నిలబడడం, ఈ మూడింటినీ ఎంచారు. కానీ ఆ ప్రయోగంలో పోలీసులు అరెస్టు చేయాలన్నవాళ్లలో 47 శాతం మంది రక్తంలో మద్యం, హద్దుగా పెట్టుకున్న 0.10 శాతం కన్నా తక్కువే! 1981 నాటికి ఆ తప్పు 32 శాతానికి తగ్గింది, పోలేదు. పైగా మూర్ఛ మందులు వాడినా, చెవి లోపలి జబ్బున్నా కళ్లు అదరొచ్చు.

1986లో అరిజోనా సుప్రీంకోర్టు బ్లేక్ కేసులో ఒక గీత గీసింది. అరెస్టుకు తగిన అనుమానం ఉందనడానికి కంటి పరీక్ష చాలు. రసాయన పరీక్ష లేకుండా, రక్తంలో మద్యం ఇంత ఉందని దాంతో లెక్క చెప్పడానికి మాత్రం వీల్లేదు.

మన మోటారు వాహనాల చట్టం, 1988లోని 185వ సెక్షన్ కూడా అంకెనే అడుగుతుంది: 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటాలి. అది బ్రీత్ ఎనలైజర్‌లో తేలాలి, లేదా 2019 సవరణ చేర్చినట్టు ల్యాబ్ లాంటి ఇతర పరీక్షలో తేలాలి. ఎర్రబడ్డ కళ్లు, మన ఊరి పేరు, మన యాస, ఇవేవీ అంకెలు కావు.

తాగి బండి ఎక్కొద్దు, అది మన ప్రాణం, ఎదుటోడి ప్రాణం. తాగకుండానే తాగావంటే మాత్రం గొడవపడకుండా, భయపడకుండా ఒక్క మాట అడుగుదాం: "సార్, మిషన్‌లో ఎంత వచ్చిందో చూపించండి."