ఉన్మాదమూ మధుమేహమూ



చరకసంహిత నిదానస్థానంలో ప్రమేహం నాలుగవ అధ్యాయం, ఉన్మాదం ఏడవది. ఈ రెంటినీ ఒకే రోగిలో కలిపి చూడడం ఆధునిక వైద్యానికి కూడ చాలాకాలం అలవడలేదు.

మతిభ్రమణం ఉన్న కుటుంబాలలో మధుమేహం తరచు కనిపిస్తుందని ఇంగ్లండు వైద్యుడు హెన్రీ మాడ్స్‌లీ 1879లోనే వ్రాశాడు. నేటి మందులేవీ అప్పటికి పుట్టలేదు. కనుక నేరమంతా మందులదే అనడం న్యాయం కాదు.

1930లలో వియన్నా వైద్యుడు మాన్‌ఫ్రెడ్ సాకెల్ స్కిజోఫ్రీనియా రోగులకు ఇన్సులిన్ ఇచ్చి, రక్తంలో చక్కెర పడిపోయి స్పృహ తప్పేదాకా ఉంచి, మళ్ళీ చక్కెర ఇచ్చి లేపేవాడు. ఈ చికిత్స అనేక దేశాలకు ప్రాకింది. లేవనివారూ ఉన్నారు. 1952లో పారిస్‌లో జాఁ డిలే, పియర్ డెనికర్ క్లోర్‌ప్రోమజిన్ గుణం చూపాక ఆ పద్ధతి క్రమంగా మూలబడింది. విధివైచిత్రి చూడండి: ఇన్సులిన్‌ను సాగనంపిన మందే కొందరిలో చక్కెర పెంచసాగింది! 1960లలో వైద్యపత్రికలు దానికి ‘ఫినోథయజీన్ మధుమేహం’ అని నామకరణం కూడ చేశాయి. బారసాల జరిగింది కాని, బిడ్డను పట్టించుకున్నవారు తక్కువ.

అసలు కథ క్లోజపిన్‌ది. 1975లో ఫిన్లండ్‌లో ఆ మందు వాడినవారిలో తెల్లకణాలు క్షీణించి ఎనిమిదిమంది మరణించగా, పలుదేశాలలో దాని అమ్మకం ఆగింది. ఏ మందుకూ లొంగని రోగులకు అదే పనిచేస్తుందని తేలడంతో 1989లో అమెరికా అనుమతించింది. వారంవారం రక్తపరీక్ష షరతు. ఆ రక్తంలో తెల్లకణాలను లెక్కించాలన్నారే గాని చక్కెర చూడాలనలేదు. రక్తం తీయనే తీస్తున్నారు గదా!

1999లో డేవిడ్ అలిసన్ బృందం పాత పరీక్షలన్నీ గుదిగుచ్చి లెక్కకట్టింది: పది వారాలలో క్లోజపిన్‌తో సగటున 4.45 కిలోలు, ఒలాంజపిన్‌తో 4.15 కిలోలు బరువు పెరుగుతోంది. ఆకలిని అదుపులో ఉంచే హిస్టమిన్ సంకేతాన్ని ఇవి మెదడులో అడ్డగించడం ఒక కారణం. నా పూర్వవిద్యార్థి ఒకడు ఒలాంజపిన్ వాడేవాడు. అర్ధరాత్రి లేచి అన్నంగిన్నె ఖాళీ చేస్తున్నాడని తల్లి కోప్పడేది. అది వాడి తిండిపోతుతనం కాదని ఆమెకు చెప్పినవారు లేరు. చెప్పవలసిన విషయమని 2004 నాటికి వైద్యసంఘాలకు తోచింది. మందు మొదలుపెట్టేముందే బరువు, నడుము కొలత, రక్తపోటు, పరగడుపు చక్కెర, కొవ్వులు చూడాలనీ, 4, 8, 12 వారాలకు మళ్ళీ తూకం వేయాలనీ అమెరికాలోని మధుమేహ, మానసికవైద్య సంఘాలు కలిసి ఆ ఏడు నిర్ణయించాయి. త్రాసు ఖరీదైన యంత్రమేమీ కాదు.

ఇదంతా చదివి ఎవరూ ఇంట్లోవారి చేత మందు మానిపించకండి. 1975లో బెదిరిన ఆ ఫిన్లండ్‌లోనే పదకొండేళ్ళ లెక్కలు తీసి 2009లో ప్రకటించారు. స్కిజోఫ్రీనియా రోగులలో మరణాలు అన్ని మందులకంటె తక్కువగా ఉన్నది క్లోజపిన్ వాడినవారిలోనే.