మష్రూమ్ స్ప్రింగ్‌లో నింపిన సీసా

1966 సెప్టెంబరు 5. అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయ పార్కు. సముద్రమట్టానికి ఏడు వేల అడుగులకు పైనున్న ఆ మైదానంలో నేల అక్కడక్కడా పొగలు కక్కుతోంది. మష్రూమ్ స్ప్రింగ్ అనే గుండంలోంచి పొంగిన ఉడుకునీళ్లు గట్టు దాటి పల్లానికి పారుతున్నాయి. కాలువ అడుగున పాచి పట్టింది. ఊట దగ్గర ఆ పాచికి రంగంటూ లేదు. ఇవతలికొచ్చేసరికి పసుపు కలిసిన పచ్చ, ఇంకాస్త దిగువకు నారింజ, ఆ తర్వాత గోధుమరంగు. నీళ్లు చల్లారే కొద్దీ రంగు మారుతోంది.

ఇండియానా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన థామస్ బ్రాక్ బృందం ఆ రోజు అక్కడ ఒక సీసా నింపుకుంది. నీటి వేడి 69 డిగ్రీలు.

కడప జిల్లా బద్వేలులో మే నెల ఎండ 44 దాటితే మనం తలుపులు మూసుకుంటాం. 69 అంటే చేతి తోలు ఊడే వేడి. డెయిరీలలో పాలను 72 డిగ్రీల దగ్గర పదిహేను సెకన్లు ఉంచుతారు, రోగం తెచ్చే క్రిములు చావాలని. క్రిములను చంపడానికి మనిషి ఎంచుకున్న వేడికి దాదాపు దగ్గరలోనే కాపురముంటున్న జీవి ఆ సీసాలోకి వచ్చింది.

బ్రాక్ ఉడుకు గుండాల కోసం పుట్టినవాడేమీ కాదు. ఆయన పని అప్పటికి సముద్రపు బ్యాక్టీరియా మీద. 1964లో కారులో పడమటికి పోతూ, చూడ్డానికి వచ్చిన అందరిలాగే ఎల్లోస్టోన్‌లో ఆగాడు. మిగతావాళ్లు నీళ్లు ఆకాశానికి ఎగజిమ్మే చోట్ల గుమిగూడితే ఈయన కన్ను కాలువల్లోని పాచి మీద పడింది. అంత వేడిలో అంత పాచి పెరుగుతుంటే దాని సంగతి సరిగా చూసినవాళ్లు ఎందుకు లేరన్నది ఆయనకు వచ్చిన అనుమానం. మరుసటి ఏడు మళ్లీ వచ్చాడు. పదేళ్లపాటు వస్తూనే ఉన్నాడు.

ఎండను తిని బతికే సూక్ష్మజీవులకు 73 డిగ్రీలే హద్దు. ఆ హద్దు ఈనాటికీ నిలిచింది. ఎండతో పనిలేని జీవుల సంగతి మాత్రం వేరు. ఆక్టోపస్ స్ప్రింగ్ అనే మరో గుండంలో 80 డిగ్రీలు దాటిన నీళ్లలో గులాబీరంగు పోగులు ఊగుతుండడం బ్రాక్ చూశాడు. తర్వాత ఆయన బృందం గాజు పలకలను దారాలకు కట్టి, నీళ్లు తెర్లుతున్న గుండాల్లోకే దించింది. ఆ ఎత్తులో నీళ్లు 92, 93 డిగ్రీలకే మరుగుతాయి. కొన్నాళ్లకు పలకలు పైకి లాగి చూస్తే వాటి మీద బ్యాక్టీరియా అంటుకుని పెరిగి ఉంది. ఎంత చవక ప్రయోగమో చూడండి: గాజు ముక్క, దారం, ఓపిక.

సీసా బ్లూమింగ్టన్‌లోని ప్రయోగశాలకు చేరింది. అక్కడ దాని బాధ్యత హడ్సన్ ఫ్రీజ్ అనే కుర్రవాడిది. ఇంకా డిగ్రీ చదువుతున్నాడు. వేడిని తట్టుకునే బ్యాక్టీరియాను పెంచేవాళ్లు అంతవరకూ 55 డిగ్రీల దగ్గర, బలమైన మేత వేసి పెంచేవాళ్లు. అందుకే ఎప్పుడు చూసినా తెలిసిన రకాలే కనబడేవి. ఫ్రీజ్ వేడిని 70కి పెంచి, మేతను బాగా పలచన చేశాడు. ఉడుకునీళ్ల ఊటలో విందు భోజనాలు ఉండవు గదా. ఆ వేడికి పెంచే పళ్లేలు ఆరిపోకుండా చూసుకోవడమే ఒక పని. చివరికి గాజు గొట్టంలో నీళ్లు మసకబారాయి. సూక్ష్మదర్శిని కింద సన్నటి కడ్డీలు, పొడుగాటి పోగులు కనిపించాయి. పసుపురంగు జీవి. ఎవరూ అంతకు ముందు చూడనిది.

దానికి వైటీ-1 అని గుర్తు పెట్టుకున్నారు. 1969లో బ్రాక్, ఫ్రీజ్ కలిసి లోకానికి చెప్పినప్పుడు పెట్టిన పేరు థర్మస్ అక్వాటికస్. 70 డిగ్రీల దగ్గర హాయిగా పెరుగుతుంది, 79 దాకా ఓర్చుకుంటుంది, 40కి దిగితే ముడుచుకుంటుంది. ఈ కథలో నాకు బాగా నచ్చిన ముక్క వేరే ఉంది. అదే జాతి వాళ్ల విశ్వవిద్యాలయంలోని వేడినీళ్ల కుళాయిలోనూ దొరికింది. అంతదూరం పోయి తెచ్చుకున్న జీవి చేతులు కడుక్కునే చోటే కాపురం ఉంది!

ఇక్కడ ఒక్క నిమిషం కథ ఆపి కడప జిల్లా రాళ్ల దగ్గరికి రావాలి. 1872లో ఎల్లోస్టోన్ జాతీయ పార్కు అయింది. ఆ ఏడే విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప, కర్నూలు శిలల మీద పెద్ద గ్రంథం అచ్చువేశాడు. సరిగ్గా నూరేళ్లకు, 1972లో, మాల్కం వాల్టర్, జాన్ బాల్డ్, బ్రాక్ కలిసి ఒక సంగతి బయటపెట్టారు: ఎల్లోస్టోన్ కాలువల్లో పాచి పొర మీద పొరగా గట్టిపడుతూ స్ట్రొమటోలైట్లు అనే రాళ్లను కడుతోందని. బతికున్న సూక్ష్మజీవులు మన కళ్లముందే రాయి కడుతున్నాయన్నమాట. అటువంటి రాళ్లు వేంపల్లె చుట్టుపక్కల సున్నపురాతి గుట్టల్లో ఉన్నాయి, సుమారు 190 కోట్ల ఏళ్ల నాటివి. అప్పుడు అక్కడున్నది ఉడుకు గుండం కాదు, లోతు లేని సముద్రం. కట్టిన కూలీలు మాత్రం ఇలాంటి పాచి జీవులే. పులివెందుల దారిలో ఆ గుట్టల పక్కగా బస్సులో పోయేవాళ్లకు ఈ సంగతి చెప్పేవాళ్లెవరు?

బ్రాక్ వైటీ-1ను అమెరికాలోని ఒక సూక్ష్మజీవుల భాండాగారంలో ఉంచాడు. కావాలన్నవాళ్లు కొద్దిపాటి రుసుము కట్టి తెప్పించుకోవచ్చు. ఆయన హక్కులేవీ అడగలేదు. 1976లో సిన్సినాటి విశ్వవిద్యాలయంలో ఆలిస్ చియెన్, మరి ఇద్దరు ఆ జీవిలోంచి ఒక ఎంజైమును వేరుచేశారు. డీఎన్ఏను చూసి డీఎన్ఏకు నకలు రాసే ఎంజైము. వేడికి చెడదు. అప్పటికి దానితో ఎవరికీ పెద్ద పని పడలేదు.

పని పడింది 1983లో. కాలిఫోర్నియాలోని సీటస్ కంపెనీలో ఉద్యోగి కేరీ ముల్లిస్ రాత్రిపూట కొండదారిలో కారు తోలుతుండగా ఒక ఆలోచన వచ్చింది. డీఎన్ఏను 94 డిగ్రీలకు కాచితే జంట పోగులు విడిపోతాయి. చల్లార్చి, ఎంజైముతో ఒక్కో పోగుకు జంట రాయించాలి. మళ్లీ కాచాలి, మళ్లీ చల్లార్చాలి. ప్రతిసారీ రెట్టింపు. ముప్పై సార్లకు ఒకటి కాస్తా వంద కోట్లు దాటుతుంది. ఈ పద్ధతి పేరే పీసీఆర్.

ఆలోచన గొప్పదే, చెయ్యబోతే తంటా. అప్పుడు వాడిన ఎంజైము మన పేగుల్లో ఉండే ఈ.కోలై బ్యాక్టీరియాది. 94 డిగ్రీలకు అది ఉడికిన గుడ్డులో తెల్లసొన లాగా గడ్డకట్టి పనికిరాకుండా పోతుంది. ప్రతి చుట్టుకూ మూత తీసి కొత్తది పోయాలి. ఎవరో ఒకరు గంటల తరబడి అక్కడే నిలబడాలి. అప్పుడు థర్మస్ అక్వాటికస్ గుర్తొచ్చింది. దాని ఎంజైము, పేరు టాక్, మరుగుకు దగ్గరి వేడిలోనూ బతికి, 72 దగ్గర చురుగ్గా నకళ్లు రాస్తుంది. ఒక్కసారి పోస్తే చాలు, ఆ తర్వాత మిషనే కాచుకుంటుంది, చల్లార్చుకుంటుంది. 1993లో ముల్లిస్‌కు నోబెల్ వచ్చింది.

2020లో కరోనా వచ్చేసరికి పీసీఆర్ పరీక్ష పేరు బద్వేలు సందుల్లో చిన్నపిల్లలకు కూడా నోటికొచ్చేసింది. అప్పటి మాటలు ఏ ఆసుపత్రి అరుగు మీదైనా ఇట్లాగే ఉండేవి.

“అవ్వా, తల ఎత్తి పట్టుకో. కదలగాకు.”

“నొప్పి ల్యాకుండా చెయ్ నాయనా. రిపోర్టు ఎప్పుడొచ్చాది?”

“రెండు దినాలయితాదిలే. అంతవరకు ఎవుర్నీ ఇంట్లోకి రానీగాకు.”

పుల్లను ద్రావణంలో ముంచి, ఐస్ పెట్టెలో పెట్టి, కడపకో తిరుపతికో పంపేవాళ్లు. అక్కడ మొదట వైరస్ ఆర్ఎన్ఏను డీఎన్ఏగా మార్చాలి. అందుకు వేరే ఎంజైము ఉంది. ఆపైన కాచి చల్లార్చే చుట్లు మొదలవుతాయి, వాటిలో పని టాక్‌దో దాని వంశంలో మార్చి తీర్చినదానిదో. మష్రూమ్ స్ప్రింగ్ అవ్వ ముక్కు దాకా వచ్చిన దారి ఇది. థామస్ బ్రాక్ 2021 ఏప్రిల్ 4న, 94 ఏళ్ల వయసులో చనిపోయాడు. అప్పటికి మన దేశంలో రెండో ఉప్పెన లేస్తోంది.

ఇంకో విచిత్రం. ఈ టాక్‌తోనే శాస్త్రవేత్తలు తిరిగి ఎల్లోస్టోన్‌కు పోయారు. ప్రయోగశాలలో పెరగడానికి మొండికేసే జీవులు అక్కడ చాలా ఉన్నాయి. వాటిని పెంచకుండానే, బురదలోంచి నేరుగా డీఎన్ఏ తీసి, నకళ్లు రాయించి చదివారు. నార్మన్ పేస్ బృందం అబ్సిడియన్ పూల్ అనే ఒక్క గుండంలోనే, అంతవరకూ లెక్కలో లేని 12 కొత్త బ్యాక్టీరియా విభాగాల ఆనవాళ్లను 1998లో ప్రకటించింది. జాతులు కాదు, విభాగాలు. జంతువుల్లో పురుగులకూ వెన్నెముక ఉన్నవాటికీ ఉన్నంత దూరం అనుకోవచ్చు. అంతా కలిపి ఒక్క మడుగు.

డబ్బు సంగతి చెప్పకపోతే కథ పూర్తికాదు. పీసీఆర్ హక్కులను రోష్ కంపెనీ 1991లో 30 కోట్ల డాలర్లకు కొన్నది. పార్కుకు పైసా రాలేదు, బ్రాక్‌కూ ఫ్రీజ్‌కూ రాలేదు. 2013లో ఇద్దరికీ గోల్డెన్ గూస్ పురస్కారం ఇచ్చారు. పనికిరానిదనిపించే పరిశోధన పెద్ద మేలు చేసినప్పుడు ఇచ్చేది అది. దెబ్బతిన్న పార్కు 1997లో డైవర్సా అనే కంపెనీతో, లాభంలో వాటా ఉండేట్టు ఒప్పందం రాసుకుంది. అదీ కోర్టుకెక్కింది.

ఇక మన సంగతికొస్తే, మన దేశంలో ఉడుకు ఊటలు మూడు వందలకు పైగా ఉన్నాయి. భద్రాచలం దగ్గర గుండాలలో గోదారి ఒడ్డున ఇసుక తవ్వితే వేడినీళ్లు ఊరతాయి. చలికాలంలో త్రిమూర్తులు అక్కడ స్నానానికి వస్తారని నమ్మకం. 2002లో మనం చేసుకున్న జీవవైవిధ్య చట్టం లంకమల ఎర్రచందనానికి వర్తించినట్టే, కంటికి కనబడని ఆ నీళ్ల కాపురస్తులకూ వర్తిస్తుంది. ఇప్పుడు బయటిదేశంవాళ్లు పరిశోధన కోసం ఆ ఇసుక గుంటలో సీసా ముంచాలంటే ముందు చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య సంస్థ అనుమతి తెచ్చుకోవాలి.