సెయింట్ పియర్ శిక్ష కొట్టు

మార్టినిక్ దీవిలో ఒకరోజు టూర్ బస్సెక్కాను మిత్రులారా. పెలీ అగ్నిపర్వతం చూపించి, కిందున్న సెయింట్ పియర్‌లో దించారు. 1902 మే 8 ఉదయం ఆ కొండ పేలి, నిమిషాల్లో దాదాపు 28,000 మంది చనిపోయారు. బతికిన ఒకరిద్దరిలో సిపారిస్ ఒకడు. నల్లజాతి కూలీ. జైల్లో ఒంటరి కొట్లో పడేస్తే ఆ మందపాటి రాతిగోడలే కాపాడాయి. 'ఎంత అదృష్టం!' అన్నాడు గైడు. అందరూ ఫొటోలు దిగారు.

నాలుగు రోజుల తర్వాత కాలిన ఒంటితో బయటపడ్డ ఆ మనిషిని బార్నమ్ అండ్ బెయిలీ సర్కస్ తీసుకెళ్లింది. అచ్చం అలాంటి కొట్టే కట్టి, అందులో పెట్టి జనానికి చూపించింది. విడుదలయ్యాక కూడా కొట్టే!

1848 మేలో బానిసలు తిరగబడి స్వేచ్ఛ తెచ్చుకున్నది ఈ ఊళ్లోనే. చెరుకు తోటల్లో వాళ్ల చోటు నింపడానికి 1853లో ఇండియా కూలీల మొదటి ఓడ దిగిందీ ఈ రేవులోనే. గైడుని అడిగాను. టూర్‌లో అది లేదన్నాడు. ఆ ఓడ సంగతి వచ్చే భాగంలో.